కుడిచేతి సంతకం

మొన్న బ్యాంకుకు వెళితే అక్కడి అమ్మాయి పలకలాంటిదొకటి నా ముందు పెట్టి, వేలితో సంతకం చెయ్యమంది. పైన ఏమీ రాసి లేదేమని అడిగాను. అది తర్వాత తాము నింపుకుంటామనీ, ముందు సంతకం చేసెయ్యమనీ ఎంతో మర్యాదగా చెప్పింది. నాకు ఒళ్లు మండింది. పాపం, ఆ పిల్ల తప్పేమీ లేదు. అయినా నింపితేనే చేస్తానని పంతం పట్టి అరగంట కూర్చున్నాను. వెనక వరసలో ఉన్నవాళ్లు పెద్దాయన చాదస్తం అనుకునే ఉంటారు. వాళ్లకు మా మావయ్య తెలియదు.

తొంభైల మొదట్లో నేను ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో ఇంకో ఇద్దరితో గది పంచుకుని సివిల్స్‌కి చదివేవాణ్ణి. చదవడమంటే ఎక్కువగా టీ తాగుతూ దేశాన్ని ఎలా నడపాలో తీర్మానించడం. ఆదివారాలు మాత్రం రెండు బస్సులు మారి గోవింద్‌పురిలో మావయ్య ఇంటికి పోయేవాణ్ణి. మెట్లెక్కుతుంటేనే అత్తయ్య పప్పుచారు పోపు వాసన ఎదురొచ్చేది. మావయ్య ఫౌజులో ఇరవై ఏళ్లు బండ్లు బాగుచేసి, హవల్దారుగా రిటైరై, ఓఖ్లాలో రేకులు అచ్చుగుద్దే ప్రెస్సు మీద పనికి కుదిరాడు. ప్రెస్సు దగ్గరికి కూడా ఇస్త్రీ చొక్కాతోనే వెళ్లే మనిషి. ఆయన సంతకం చూడముచ్చటగా ఉండేది. తెలుగులో పేరు రాసి, చివరి అక్షరం కింద నుంచి వెనక్కి తిన్నగా ఒక తోక లాగి, దాని కింద రెండు చుక్కలు పెట్టేవాడు.

ఆ ప్రెస్సుకి చెయ్యి లోపలికి పోకుండా ఒక జాలీ ఉండేది. దానివల్ల పని నెమ్మదిస్తోందని సూపర్‌వైజరు ఊడదీయించాడు. ఒక మధ్యాహ్నం మావయ్య కుడిచేతి వేళ్లు నాలుగూ పోయాయి. ఫ్యాక్టరీవాళ్లు ఆయన్ని సర్కారు ఆసుపత్రి గేటు దగ్గర దింపి, చూసుకోకపోవడం నీ తప్పేనని చెప్పి మరీ వెళ్లారు. మనుషులేనా వాళ్లు అని ఇప్పటికీ అనుకుంటాను.

పనిలో దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలన్న చట్టం నాకు సెక్షన్లతో సహా కంఠతా వచ్చు. దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో మాత్రం తెలియదు. పరీక్షలో ఆ ప్రశ్న రాదు మరి. సిగ్గుపడుతూ వెతుక్కుంటూ పోయి లేబర్ ఆఫీసులో కేసు వేయించాను. మొదటి వాయిదాకే మేనేజరు ఒక కాగితం తీసి అధికారి ముందు పెట్టాడు. పరిహారమంతా ముట్టింది, ఇంక అడిగేదేమీ లేదు అని రాసి ఉంది. కింద మావయ్య సంతకం.

బయటికి వచ్చాక మావయ్య మీద విరుచుకుపడ్డాను. ఆయన తల దించుకున్నాడు.

"చేరిన రోజు మూడు తెల్లకాగితాల మీద పెట్టమన్నారు, పెట్టేను. ఫౌజులో సాబ్ చూపించిన చోటల్లా పెట్టేవాణ్ణి కదరా. ఎప్పుడూ నష్టపోలేదు."

సాబ్ అనిపించుకున్న ప్రతివాణ్ణీ ఆయన ఫౌజు ఆఫీసరే అనుకున్నాడు. ఆ నమ్మకాన్ని వాడుకున్నవాళ్ల మీద రావలసిన కోపం ఆయన మీద చూపించానే అని తర్వాత ఎంతో బాధపడ్డాను.

ఇంట్లో ఆ కాగితం నకలు అత్తయ్య చేతిలోకి తీసుకుంది. ఆవిడకు హిందీ, ఇంగ్లీషు చదవడం రాదు. కానీ సరిహద్దుల నుంచి వచ్చిన ఉత్తరాల చివర ఇరవై ఏళ్లు చూసిన సంతకం అది.

"ఇది కుడిచేత్తో పెట్టింది. తోక చూడు, ఎంత తిన్నగా ఉందో. ఏ తారీఖు వేసేరు దీనికి?"

చూసి చెప్పాను. ప్రమాదం జరిగిన రెండో వారం.

"అచ్ఛా. ఆ వారమంతా ఆసుపత్రిలో నేనే కదా అన్నం కలిపి నోట్లో పెట్టింది."

తర్వాతి వాయిదాలో ఈ సంగతి చెబితే అధికారి మావయ్యను అక్కడికక్కడే సంతకం చెయ్యమన్నాడు. ఎడమచేత్తో చేశాడు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతూ వంకరటింకరగా వచ్చాయి. అధికారి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. మేనేజరు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

న్యాయంగా అయితే ఆ రోజే తేలిపోవాలి. తేలలేదు. ఒకసారి వాళ్ల వకీలు రాడు, ఒకసారి ఫైలు దొరకదు, ఇంకోసారి అధికారికే బదిలీ. ప్రతి వాయిదాకీ అత్తయ్య బొత్తాలు పెట్టిన ఇస్త్రీ చొక్కాతో మావయ్య గంట ముందే హాజరు. మిగిలిన రోజుల్లో నోటుపుస్తకం ముందేసుకుని ఎడమచేత్తో తన పేరు రాసుకుంటూ కూర్చునేవాడు. ఈలోగా నేను మూడుసార్లు సివిల్స్ తప్పి, చిన్న ఉద్యోగంలో కుదురుకున్నాను.

చివరికి తీర్పు మావైపే వచ్చింది. చెక్కు తీసుకోవడానికి వెళ్లాం. గుమాస్తా రిజిస్టరు తిప్పితే మావయ్య ఎడమచేత్తో, తోకతో, రెండు చుక్కలతో చక్కగా సంతకం చేశాడు. గుమాస్తా ఫైల్లో ఉన్న మొదటి ఎడమచేతి సంతకంతో పోల్చి చూసి తల అడ్డంగా ఊపాడు.

"అంకుల్‌జీ, సంతకం కలవడం లేదు."

మావయ్య నవ్వి, చెయ్యి కావాలని వణికించి వంకరటింకరగా ఇంకో సంతకం పెట్టి చెక్కు తీసుకున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఇప్పటికీ రాదు. ఆయన కుడిచెయ్యి పోయిందని వాళ్లు ఒప్పుకోవడానికి పట్టిన కాలంలో ఎడమచెయ్యి రాయడం నేర్చేసుకుంది.