మగ్గం దిగిన రాజులు

బతుకుతెరువు కోసం కాక ఇష్టం కొద్దీ నాటకమాడేవారిని ఏమనాలి? ఈ ప్రశ్నకు నా దగ్గర నాలుగు జవాబులున్నాయి. నాలుగూ నా చెవులతో విన్నవే. గద్వాలలో, రాయచూరు వైపు నుంచి వచ్చిపోయేవారి కన్నడం పుణ్యమా అని, మమ్మల్ని ‘హవ్యాసులు’ అనేవారు. వనపర్తిలో ‘శౌకీన్లు’ అన్నారు. నాగర్‌కర్నూలులో ఒక్కసారి ఆడితే ‘తీరుబాటోళ్లు’ అన్నారు. నాలుగో మాట మా మేనమామ భార్యది. ఆమె మమ్మల్ని ‘మగ్గం దిగినోళ్లు’ అనేది. జ్వరం తగిలినవాళ్ల సంగతి చెబుతున్నట్లుండేది ఆమె గొంతు.

మేము మొత్తం తొమ్మిదిమందిమి. మామతో కలిపి ఎనిమిదిమంది గద్వాల నేతవాళ్లు. తొమ్మిదోవాడిని నేను, చేతికి మగ్గం అబ్బలేదు కనుక పుస్తకం పట్టుకొని మాటలు అందించే పని నాది. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. అవి పందొమ్మిది వందల ముప్పైల చివరి సంవత్సరాలు. తేదీ వేసుకున్న కాగితం చెదలపాలైంది. లేని తేదీని ఊహించి వ్రాయడం నా పద్ధతి కాదు.

వనపర్తిలో ఆడడానికి పిలుపు వచ్చినప్పుడు మాకు అన్నీ ఉన్నాయి, తెర ఒక్కటి తప్ప. మామ కన్ను ఇంట్లో ఉన్న కొత్త చీర మీద పడింది. మామా అత్తా కలిసి నేసిన చీర అది. నూలు ఒంటికి పట్టు కొంగును పోగుకు పోగు మెలిపెట్టి అతికినది మాత్రం అత్త ఒక్కతే.

“చీర ఇస్త. కొంగుల ఒక్క పోగు పోయిందా, మీ చెక్క కత్తులు నీళ్లకాగు కిందికే! మల్ల నాటకమన్న మాట ఈ ఇంట్ల ఇనబడొద్దు,” అన్నది అత్త.

“పోదు. ఒట్టు,” అన్నాడు మామ.

“ఒట్లు నువ్వు రాజువైనంక ఎయ్యి. నాకెందుకు?”

దివిటీల పొగ చీరకు పట్టకుండా పట్టపగలే ఆడాలన్నది ఆమె రెండో షరతు. చీరకు కాపలాగా తానూ వస్తానన్నది మూడోది. మూడింటికీ ఒప్పుకున్నాము. పుట్టిలో కృష్ణ దాటి, ఆత్మకూరులో రెండు బండ్లు కట్టించుకొని వనపర్తి చేరాము.

నాటకం మేమే అల్లుకున్నది. ఇద్దరు రాజులు యుద్ధం చేస్తారు, తొమ్మిదో దెబ్బకు మామ వేసిన రాజు చనిపోతాడు. అంతే కథ. వేదిక వెనుక రెండు వెదురు గడలకు చీరను అడ్డంగా కట్టాము. చీర పన్నా మూడు మూరలకు లోపే కాబట్టి నేను దాని వెనుక గొంతుక్కూర్చున్నాను. జనంలో ముందు వరుసలో ఊరూరా తిరిగి ఆడే మేళం పెద్ద ఒకాయన కూర్చున్నాడు. ఆయన పక్క వరుసలో, ఆడవాళ్ల మధ్య, అత్త.

ఆరు దెబ్బలు చక్కగా పడ్డాయి. ఏడో దెబ్బకు మామ కత్తిని వెనక్కి ఎత్తాడు. ఆ చెక్క మొన కొంగు అతుకులో చిక్కుకొని, నా ముక్కుకు జానెడు దూరంలో తొంగిచూసింది. మామ లాగాడు.

పట్టుపోగు తెగిన చప్పుడు మామూలు చెవికి వినబడదు. ఎనిమిదిమందికీ వినబడింది. మద్దెల ఆగింది, తాళాలు ఆగాయి. తెగిన పోగు కంటబడితే చేతిలో అన్నం ముద్ద ఉన్నా దించి ముందు దాన్ని అతకాలి. అది నేతవాడ నియమం. ఇద్దరు రాజులూ కత్తులు కింద పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నారు. మీసాల రాణి కొంగు చెక్కుకొని పరుగెత్తుకొచ్చింది. అంతకుముందే చచ్చి పడి ఉన్న సిపాయిలిద్దరూ లేచి వచ్చారు.

“ఎన్ని?” అని ఒక శవం అడిగింది.

“రెండు. కాదు, మూడు,” అన్నాడు మామ. “వేళ్లు జారకుండ మెలిపెట్టనీకి బూడిదేది?”

ఎదుటి రాజు తల వంచాడు. “నా నొసటి విబూది తీస్కో అన్నా. పోగు కావాల్నంటే కిరీటం కుచ్చుల నుంచి గుంజు. గీ కొంగు పట్టే గది.”

నేను చీర వెనుక నుంచి “నీ తల నేల రాలుస్తా!” అని మూడుసార్లు అందించాను.

“జర ఆగు అల్లుడా, చేతుల పోగుంది,” అన్నాడు మామ.

జనం గొల్లుమన్నారు. “ఓ రాజా! నాకో ధోతి నెయ్యి!” అని ఎవరో అరిచారు. మేళం పెద్ద తొడ చరిచాడు. “శౌకీన్లంటే గిట్లుంటరు! మా మేళంల పోగు కాదు, గడ ఇరిగినా రాజు ఆగడు!”

అప్పుడు అత్త లేచింది. ఆమె ఏడు అంగలలో వేదిక ఎక్కడం చూసి నవ్వు దానంతటదే సద్దుమణిగింది. మామ కత్తిని వీపు వెనుక దాచాడు; ఆమె కత్తిని చూడనేలేదు. అతుకు మీద గోరు నడిపింది.

“ఎవరు మెలిపెట్టిండ్రు?”

“నేనే.”

“గిది మెలికనా? ఎద్దుకు పలుపు పేనినట్టుంది. లెయ్!”

ఆమె కూర్చొని ఆ మెలిక విప్పి, రాజు నొసటి మీద వేళ్లు అద్దుకొని మళ్లీ అతికింది. ఒకటి. రెండు. కొంగును ఎండకు ఎత్తి చూసింది.

“మరి కత్తులు?” అన్నాడు మామ.

“అతుకు కనబడతలేదు. తెగంగనే ఆగిండ్రు, బతికిండ్రు. ఇంకా గుంజితే కొంగే పోయేది. కత్తులుండనీ.” మూడో పోగు చేతిలోకి తీసుకున్నది. “ఇంగేంది సూస్తున్నవ్? జల్ది సచ్చిపో. బండి కట్టాలె.”

ఎదుటి రాజు కత్తి ఎత్తనైనా లేదు. మామ “హా!” అని కేకవేసి, మిగిలిన దెబ్బలు తినకుండానే, నిలువునా నేలమీద పడ్డాడు. పడినవాడు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ పొట్ట అదురుకు పక్కనున్న గడ ఊగింది, గడతో పాటు చీర ఊగింది. మేళం పెద్ద కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు మొదలుపెట్టాడు. వెనుక వరుసలవాళ్లు బండ్ల మీదకెక్కి ఈలలు వేశారు.

అత్త తలెత్తకుండానే రాజు భుజం మీద ఒక్కటి వేసింది.

“సచ్చినోడివి, కదలకు! ఇంకొక పోగుంది.”