డీజిల్ పేరుకున్న చలికాలం

మేము అమెరికాలో, హెర్న్‌డన్‌లో ఇల్లు కొన్న వేసవిలో పెట్రోలు బంకుల ముందు క్యూలు ఉండేవి. నంబరు ప్లేటు చివర సరి అంకె ఉన్నవాళ్ళకు ఒకరోజు, బేసి అంకె ఉన్నవాళ్ళకు మర్నాడు. మావారు పొద్దున్నే ఫ్లాస్కులో కాఫీ పోసుకుని వెళ్ళి, బంకు తెరిచేదాకా కార్లో కూర్చుని పేపరు చదువుకునేవారు. ఆ క్యూలోనే ఆయనకు ఈ పిచ్చి పట్టుకుంది. ముందు కారు ఆయనో వెనక కారు ఆయనో దిగి వచ్చి మాట కలిపేవారట. మీ బండి గాలనుకి ఎన్ని మైళ్ళు ఇస్తుంది, ఇంటికి ఏం హీటింగు, చలి దిగకుండా అటకలో దూది ఎంత మందంగా పరిచారు, ఇవీ మాటలు. ఇంటికొచ్చి అవన్నీ పూసగుచ్చినట్టు నాకు చెప్పేవారు. నేను అంతకుముందు ఇండియాలో కాలేజీలో ఫిజిక్సు చెప్పినదాన్ని. కాబట్టి అర్థమయ్యేది. ఇష్టంగా వినేదాన్నని మాత్రం చెప్పలేను.

చలికాలం రాకముందే మా పెద్ద కారు అమ్మేసి, వాడిన డీజిల్ కారు ఒకటి తెచ్చారు. ఆవాలరంగు బండి. గేర్లు మనమే వేసుకోవాలి. తాళం తిప్పగానే స్టార్టయ్యేది కాదు. లోపల కాయిల్ వేడెక్కిందని చెప్పే చిన్న దీపం ఆరేదాకా ఆగి, అప్పుడు తిప్పాలి. స్టార్టయ్యాక వీధి చివరి ఇంటివాళ్ళకు కూడా మేము బయల్దేరామని తెలిసేది. డీజిల్ అన్ని బంకుల్లో దొరికేది కాదు. హైవే మీద ట్రక్కులు ఆగే చోటికి వెళ్ళాలి. ఎన్ని సార్లు కడిగినా ఆయన చేతుల వాసన పోయేది కాదు.

శనివారం మధ్యాహ్నాలు మా గరాజ్‌లో సభ జరిగేది. మావారు కాక అందులో ముఖ్యులు ఇద్దరు. ఒకరు వరంగల్ నుంచి వచ్చిన స్నేహితుడు, మా ఇంటికి ఐదు నిమిషాల దూరంలో ఉండేవాడు. ఇంటి కప్పు మీద సోలార్ పలకలు పెట్టించి, ఎండతో నీళ్ళు కాచుకునేవాడు. ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి, "అన్నా, ఇయ్యాల నీళ్ళు నూటముప్పై డిగ్రీలున్నయ్, వదినను స్నానానికి రమ్మను" అనేవాడు, ఫారెన్‌హీట్ లెక్కలో. మబ్బు పట్టిన రోజు ఫోన్ వచ్చేది కాదు. రెండో ఆయన మా పక్కింటి అమెరికన్, రిటైరైన వడ్రంగి. భార్య పోయింది, ఒక్కడే ఉండేవాడు. ఆయన దృష్టిలో డీజిలూ సోలారూ రెండూ ఉత్తమాటలే. మనిషికి కావలసింది ఓక్ కట్టెలూ, వాటిని కాల్చుకోవడానికి ఇనప పొయ్యీ. బండి అంటే మాత్రం ఆయనకు పెద్దదే కావాలి. వాకిట్లో చెక్క అంచులతో, పడవంత పొడుగున్న స్టేషన్ వ్యాగన్ కారు ఉండేది. అది తాగే పెట్రోలు సంగతి మావాళ్ళు ఎత్తితే, "కట్టెలు మీ డీజిల్ బండిలో పడతాయా?" అని అడిగేవాడు.

నేను టీ ఇచ్చి లోపలికి వచ్చేసేదాన్ని. మా ఇల్లంతా కరెంటు హీటింగు. మావారు దాన్ని పెంచనిచ్చేవారు కాదు. నేను చాటుగా పెంచేదాన్ని, ఆయన చూసి తగ్గించేవారు. అమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు. ఇంట్లో కూడా కోటు వేసుకుని తిరిగేది.

రెండేళ్ళు ఇలా గడిచాక, ఒక అక్టోబరులో మా నాన్న ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. ఆయన గుంటూరు దగ్గర బస్సు డిపోలో మెకానిక్‌గా చేరి, ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. అమ్మ పోయిన ఏడాదికి గానీ రావడానికి ఒప్పుకోలేదు. ఏర్‌పోర్టు నుంచి ఇంటికి వస్తుంటే దారి పొడుగునా ఆయన రోడ్డు చూడలేదు, మేడలు చూడలేదు. తల కాస్త వంచి ఇంజను వింటూ కూర్చున్నారు.

"అల్లుడుగారూ, మూడో సిలిండరు సరిగ్గా కొట్టడం లేదండీ," అన్నారు ఇల్లు చేరగానే.

మావారి ముఖం వెలిగిపోయింది. అంతవరకూ మామగారితో ఏం మాట్లాడాలా అని నాలుగు రోజులుగా మథనపడుతున్న మనిషి ఆయన.

నవంబరులో చలి ముదిరింది. నాన్న రెండు స్వెట్టర్లు, మంకీ క్యాపు వేసుకుని, సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చునేవారు. ఒక శనివారం గరాజ్ సభలో ఇంటి వేడి గురించి వాదన నడుస్తోంది. బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి లాగే హీట్ పంపా, కట్టెల పొయ్యా, కిటికీలకు రెండో అద్దమా. నాన్న చాలాసేపు విని, నన్ను పిలిచి అడిగారు.

"అమ్మాయ్, ఈ ఇంట్లో గదులెన్ని?"

"ఏడు నాన్నా, బేస్‌మెంటుతో కలిపి."

"మనం నలుగురం. ఒక్క గదిలో సరిపోతాం కదా. ఏడు గదులు ఎవరికోసం కాగబెడుతున్నారు?"

నేను ఆ మాట ఇంగ్లీషులో పక్కింటాయనకు చెప్పాను. ఆయన తన కప్పు కింద పెట్టి, లేచి, నాన్నకు షేక్ హ్యాండ్ ఇచ్చాడు. ఆ వారంలోనే ఆయనా మావారూ కలిసి మా బేస్‌మెంటులో ఇనప పొయ్యి పెట్టి, గోడలోంచి పైకి గొట్టం వేశారు. కట్టెలు ఆయనే తెచ్చేవాడు. నాన్న వాటిని పేర్చేవారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఏ కట్టె ఆరింది, ఏది ఆరలేదు అని చేతులతో, తలలతో గంటసేపు మాట్లాడుకునేవారు.

ఆ చలికాలమంతా మేము ఆ ఒక్క గదిలోనే బతికాం. పై గదుల తలుపులు మూసేశాం. భోజనాలు అక్కడే, అమ్మాయి బొమ్మలు అక్కడే, మావారి ఆఫీసు కాయితాలు అక్కడే. పొయ్యి మీద ఒక పక్క పప్పు ఉడికేది, ఇంకో పక్క అమ్మాయి చేతి తొడుగులు ఆరేవి. పిల్లకు తెలుగు మాటలు అక్కడే వంటబట్టాయి. "తాతా, నాకు స్టోరీ చెప్పు, బస్ స్టోరీ," అని మీద పడేది. నాన్నకు వచ్చిన కథలన్నీ బస్సులవే. ఘాట్ రోడ్డు మీద బ్రేకులు పోయిన బస్సు, వరదలో నిలిచిపోయిన బస్సు. నాకు కూడా అవి తెలియవు. చిన్నప్పుడు ఆయన ఇంటికి వచ్చేసరికి మేము నిద్రపోయేవాళ్ళం.

నేను డ్రైవింగ్ నేర్చుకుంటున్నది కూడా అప్పుడే. ఆవాలరంగు డీజిల్ బండిలోనే. మొదటిసారి పరీక్షలో చిన్న ఎత్తు మీద బండి మూడుసార్లు ఆగిపోయింది. పరీక్ష పెట్టినావిడ ఫెయిల్ చేసింది. తిరిగొచ్చే దారిలో మావారు ఎక్కడ క్లచ్ వదలాలో, ఎక్కడ వదలకూడదో చెబుతూనే ఉన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను. జనవరిలో రెండో పరీక్షకు మళ్ళీ టైం ఇచ్చారు, పొద్దున పదిన్నరకి.

ఆ పొద్దున కిటికీ అద్దాల లోపలి వైపు కూడా మంచు కట్టింది. అంత చలి మేము అక్కడికి వచ్చాక చూడలేదు. బండి ఆ రాత్రి బయటే ఉంది. గరాజ్ నిండా కట్టెలు కదా. మావారు దీపం ఆరేదాకా ఆగి తాళం తిప్పారు. ఇంజను మూలిగింది, ఊరుకుంది. మళ్ళీ తిప్పారు. మళ్ళీ అంతే.

ఫోన్ చేస్తే వరంగల్ స్నేహితుడు వచ్చాడు. పక్కింటాయన చప్పుడు విని వచ్చాడు. ముగ్గురూ బానెట్ ఎత్తి చుట్టూ నిలబడ్డారు.

"బ్యాటరీ గిట్ల డౌనయిందేమో చూసినవా అన్నా?"

"బ్యాటరీ కాదు. కాయిల్స్‌లో ఒకటి పోయుంటుంది. నేను లాస్ట్ వీక్ నుంచి డౌట్ పడుతున్నా."

"పెట్రోలు బండి కొనుక్కుంటే సరిపోయేది," అన్నాడు పక్కింటాయన ఇంగ్లీషులో.

నోళ్ళలోంచి పొగలు వస్తున్నాయి, వాదన మాత్రం ఆగలేదు. నేను గుమ్మంలో కోటు వేసుకుని, చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. తొమ్మిదిన్నర దాటింది. నా పరీక్ష సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

నాన్న మంకీ క్యాపు సర్దుకుంటూ నా పక్కనుంచి బయటికి వెళ్ళారు. ఎవరినీ ఏమీ అడగలేదు. వంగి, ఒక స్పానరు తీసుకుని, ఫిల్టరు విప్పి చేతిలోకి తీసుకున్నారు. లోపల వేలు పెట్టి చూశారు. వేలికి తెల్లగా, ముద్దగా అంటుకుంది.

"ఇదేంటే! నెయ్యి పేరుకున్నట్టు పేరుకుంది!" అన్నారు నావైపు తిరిగి. ముప్పయ్యేళ్ళు డీజిల్‌తో బతికిన మనిషి, అది గడ్డకట్టడం ఆ రోజే చూశారు. చిన్నపిల్లాడిలా ఆశ్చర్యపోయారు.

పక్కింటాయన అది చూసి, "మైనం," అన్నాడు. చలికి డీజిల్‌లోని మైనం విడిపోయి ఫిల్టరును మూసేసిందన్నమాట. ఆయన పరుగున వెళ్ళి తన వడ్రంగి షెడ్డులో హీటరుకు పోసే కిరసనాయిలు డబ్బా తెచ్చాడు. బండిని లోపలికి తోసి వెచ్చబెట్టి, తర్వాత ఇది కొంచెం కలిపితే మళ్ళీ పేరుకోదని చెప్పాడు. నేను నాన్నకు తెలుగులో చెప్పాను. ఆయన డబ్బా వాసన చూసి గట్టిగా నవ్వారు.

"మా డిపోలో ఎవడైనా డీజిల్‌లో కిరసనాయిలు కలిపాడని తెలిస్తే ఆ పూటే సస్పెండు చేసేవాళ్ళం. ఇక్కడ డబ్బా తెచ్చి మరీ కలపమంటున్నారా!"

ఆ మాట పక్కింటాయనకు చెప్పాను. ఆయన కారుకు ఆనుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. నవ్వుతూనే నా ముఖం చూసినట్టున్నాడు. "నీ పరీక్ష ఎన్నింటికి?" అని అడిగాడు. చెప్పాను. జేబులోంచి వ్యాగన్ తాళాలు తీసి నా చేతిలో పెట్టాడు.

"నేను వస్తాను, ఉండు," అన్నారు మావారు.

"వద్దండీ. మీరు బండి సంగతి చూడండి," అన్నాను. ఆయనకు అలా ఎదురు చెప్పడం అదే మొదటిసారి అనుకుంటాను. నాన్న తలెత్తలేదు కానీ, ఫిల్టరు తుడుస్తున్న చేయి ఒక్క క్షణం ఆగింది.

అంత పెద్ద బండి నేనెప్పుడూ నడపలేదు. గేర్లు మార్చే పని లేదు, క్లచ్ లేదు. ముందున్న బానెట్ ఎక్కడ ముగుస్తుందో తెలియదు. పక్కింటాయన పక్కన కూర్చుని ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. పోయిన ఏడాది తను నరికిన ఓక్ చెట్టు గురించి చెబుతూ వచ్చాడు. దాని వల్లో, మరెందువల్లో, దారి ఇట్టే అయిపోయింది. పరీక్ష పెట్టినావిడ ఈసారి కాయితం మీద సంతకం చేసి, "జాగ్రత్తగా నడిపావు," అంది.

వచ్చేసరికి గరాజ్ ముందు కట్టెలన్నీ మంచులో పడి ఉన్నాయి. లోపల బండి స్టార్టయి ఉంది. తెల్లటి పొగ వీధంతా కమ్ముకుంది. మావారూ ఆయన స్నేహితుడూ భుజాలు చరుచుకుంటున్నారు. ఫిల్టరును వంటింట్లో వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించారట నాన్న. నా మంచి గిన్నె. అది మళ్ళీ వంటకు పనికిరాలేదు. నేను కాయితం పట్టుకుని నిలబడితే, ముందు చూసింది నాన్నే.

"ఏమైందమ్మా?"

"పాసయ్యాను నాన్నా."

నల్లటి చేతులతో నా తల ముట్టుకోబోయి ఆగి, మోచేత్తో నా భుజం మీద మెల్లగా తట్టారు. మావారు వచ్చి, "సారీ, టైం చూసుకోలేదు," అన్నారు. నిజంగానే సిగ్గుపడ్డారు. డీజిల్ బండి ఆపి, తాళాలు తీసి నాకే ఇచ్చారు.

ఆ మధ్యాహ్నం నేనే డ్రైవ్ చేసి నాన్నను హైవే మీద ట్రక్కులు ఆగే బంకుకి తీసుకెళ్ళాను. ఆయన బండి దిగి, వరసగా నిలబడ్డ ఆ లారీల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని నడిచారు. ఒక్కొక్క చక్రం దగ్గరా ఆగారు. ఒక డ్రైవరు, ఎర్రగడ్డం మనిషి, ఏం చూస్తున్నాడీయన అని నన్ను అడిగాడు. బస్సుల మెకానిక్ అని చెప్పాను. అంతే, బానెట్ మొత్తం ముందుకు వాల్చి ఇంజను చూపించాడు. తర్వాత పైకి ఎక్కమన్నాడు. పంచె మీద కోటు వేసుకున్న మా నాన్న ఆ ఎత్తైన సీట్లో కూర్చుని, స్టీరింగు మీద చేతులు పెట్టి, అద్దంలోంచి నావైపు చూశారు. అమ్మ పోయాక ఆ ముఖంలో అంత తృప్తి నేను చూడలేదు.

ఏప్రిల్‌లో నాన్న వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకు పెట్రోలు చవకై, శనివారం సభలు పలచబడ్డాయి. వరంగల్ స్నేహితుడి పలకలు కారడం మొదలుపెడితే, కప్పు మార్పించినప్పుడు తీయించేశాడు. పక్కింటాయన ఇల్లు అమ్మి ఫ్లోరిడాలో కూతురి దగ్గరికి వెళ్ళాడు. ఆయన వెళ్ళాక కట్టెలు తెచ్చేవాళ్ళు లేక, పొయ్యి మీద మేము పూలకుండీలు పెట్టుకున్నాం. నాకు దగ్గరి ఊళ్ళో కాలేజీలో ఫిజిక్సు చెప్పే ఉద్యోగం దొరికింది. ఆ డీజిల్ బండిలోనే నాలుగేళ్ళు వెళ్ళివచ్చాను.

నాన్న రెండోసారి వచ్చేనాటికి మాకు కొత్త పెట్రోలు బండి ఉంది, ఇంటికి హీట్ పంపు ఉంది. ఏర్‌పోర్టు నుంచి వస్తూ ఆయన మొదటిసారిలాగే తల వంచి కూర్చున్నారు. కాసేపటికి, "శబ్దమే లేదేమిటమ్మా. ఏదన్నా పాడైతే ఎలా తెలుస్తుంది?" అన్నారు. ఇంటికి చేరాక మావారు సామాను కూడా దించకుండా బానెట్ ఎత్తారు. ఇద్దరూ అందులోకి వంగి చాలాసేపు నిలబడ్డారు. అన్నం చల్లారిపోతోందని నేనూ అమ్మాయీ వెళ్ళి చెరొకరి చేయి పట్టుకుని లోపలికి తీసుకురావలసి వచ్చింది.