గంజి పెట్టిన ముఖం

రాండమ్మా, వాకిట్లో నిలబడొద్దు, ఎండ పొడుస్తాది. ఈ చాప మీదికి జరిగి, నా మోకాలికి మోకాలు తగిలేట్టు కూర్చోండి. నాకు ముందరి పండ్లు రెండు లేవు, దూరంగా కూర్చుంటే సగం మాటలు గాలికి పోతాయి. చేతిలో పనేమన్నా ఉంటే చేసుకుంటానే వినండి. ఈ పొద్దు చెప్పేది నా ముఖం సంగతి. మీరు చూస్తాండే ఈ ముడతల ముఖం కాదు, ఇరవై ఏండ్లు నిండని నాటి ముఖం. దాన్ని మెత్తగా చేసుకోవాలని ఒక చలికాలమంతా నేను పడిన పాట్లు తలుచుకుంటే నాకే నా మీద నవ్వొస్తాది. మీరూ నవ్వండి, నేనేమీ అనుకోను.

రెండో యుద్ధం ఇంకా మొదలు కాని కాలం అది. నేను పుట్టింది ఆత్మకూరు పక్క. నల్లమల గాలి చల్లగా, కొంచెం తడితడిగా ఉంటాది. ఆడ ఉన్నన్నాళ్ళూ నాకు ముఖం అనేది ఒకటుందని ఎప్పుడూ గుర్తు రాలేదు. పెండ్లయి జమ్మలమడుగు వచ్చినాక గుర్తొచ్చింది. పెన్నలో నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ. కార్తీకం దాటిందంటే ఆ ఇసుక మీద నుంచి వచ్చే పొడిగాలి గడపలు, గుమ్మాలు, పెదవులు, మడమలు అన్నిటినీ ఒకే రకంగా పగలగొడతాది. మావాళ్ళు నేతవాళ్ళు. ఇంట్లో రెండు గుంట మగ్గాలు. ఆ గాలికి మగ్గం మీద నిలువుగా కట్టిన పడుగు దారాలు టపటపా తెగేవి, నా చెంపలు చరచరా పగిలేవి. దారం తెగితే ఇంటిల్లిపాదీ పరిగెత్తేవాళ్ళు. నా చెంపను అడిగేవాళ్ళు లేరు.

నాకూ మొదట పట్టింపు లేదు. కానీ ఆ యేడు మా పాపకు రెండేండ్లు నిండినాయి. మాటలు వచ్చినాయి. ఒక మధ్యాన్నం నిద్రపుచ్చుదామని పక్కలో వేసుకుని, చెంపకు చెంప ఆనించినాను. ఆ పిల్ల చెయ్యి పెట్టి నా ముఖాన్ని పక్కకు తోసేసి, లేచి పోయి మా అత్త పక్కలో దూరింది.

"ఏమే తల్లీ, అమ్మ కాడ పండుకోలేదా?" అని అడిగింది మా అత్త.

"అమ్మ గుచ్చుతాది" అనింది పాప.

మా అత్త కిసుక్కున నవ్వింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల నిద్రంతా మా అత్త పక్కలోనే, జేజి చెంపకు ముక్కు ఆనించి. నేను గోడ పక్క తిరిగి పండుకుని, నా చెంపను నేనే తడుముకునేదాన్ని. నిజంగానే ఎండిన గోగుకట్టెలాగా ఉన్నింది. కన్నబిడ్డ చెంప తగలకపోతే తల్లికి ఎట్లుంటాదో మీకు నేను చెప్పాల్నా? ఈ ముఖాన్ని ఎట్లయినా మెత్తగా చేయాల, పిల్లను నా పక్కలోకి తెచ్చుకోవాల అని ఒట్టు పెట్టుకున్నాను. మా అత్తను మాత్రం అడగకూడదనుకున్నాను. ఎందుకంటే కాపురానికొచ్చిన కొత్తల్లో, ఆమె పూసుకునే వంటాముదం వాసనకు ముక్కు మూసుకుని, "మా ఊర్లో బండి ఇరుసులకు పూస్తారు దీన్ని" అని వాగినాను. అంత మాట అన్నాక ఏ నోరు పెట్టుకుని అడిగేది?

మొదట పన్నీరు. కడప నుంచి అత్తరు సాయిబు ఒకాయన పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చేవాడు. మా అరుగు మీద పెట్టె దించి, బుడ్డి మూత తీసి చూపించినాడు.

"తీసుకోమ్మా, అసలైన గులాబీ నీళ్ళు. కర్నూలు నవాబుల ఇండ్లల్లో బేగములు దీంతోనే ముఖం కడిగేది."

మా అత్త లోపల నుంచి అడిగింది: "నువ్వు చూసినావా సాయిబూ?"

"నేను యాడ చూస్తానమ్మా! మా తాత చూసినాడు."

"పరదాలో ఉండేవాళ్ళను మీ తాత ఎట్ల చూసినాడప్పా?"

సాయిబు నవ్వేసి, గడ్డం నిమురుకుని, "వాసన మాత్రం నేనే చూసినాను తల్లీ, దానికి నాది పూచీ" అన్నాడు. నేయగా మిగిలిన తునకగుడ్డ ఒకటిచ్చి ఒక బుడ్డి తీసుకున్నాను.

చేత్తో చల్లుకుంటే బొట్లు బొట్లుగా పడి రవికె తడిసింది గానీ ముఖానికి పట్టలేదు. పెండ్లిండ్లలో వెండి బుడ్డితో చల్లితే మంచు మాదిరి సన్నగా పడుతుంది కదా, అట్లా పడాల. మా ఇంట్లో వెండి బుడ్డి యాడిది? సన్నగా నీళ్ళు చల్లే సాధనం మా ఇంట్లో ఒకటే ఉండేది. అది మా ఆయన నోరు. పడుగు ఎండిపోయి దారాలు తెగేటప్పుడు ఆయన చెంబెత్తి పుక్కిట నీళ్ళు పట్టి, పుర్రుమని ఊదితే, మగ్గం ఆ కొస నుంచి ఈ కొస దాకా తుంపర పొగమాదిరి పరుచుకునేది. వీధిలో అంత సన్నగా ఊదేవాళ్ళు ఇంకొకరు లేరు.

బుడ్డి తీసుకుని మగ్గం కాడికి పోయినాను. "ఇది పుక్కిట పట్టి నా ముఖం మీద ఊదు" అన్నాను.

పడుగులో అటూ ఇటూ దారం నడిపే నాడె ఆపి నా ముఖంలోకి చూసినాడు. "నీకేమన్నా పిచ్చి పట్టిందా మే?"

"పడుగుకు ఊదుతావే, నాకు ఊదలేవా?"

"పడుగు తెగుతాది గాబట్టి ఊదుతాను."

"నా ముఖం కూడా తెగుతాండాది."

ఆయన నాడె పక్కన పెట్టి బుడ్డి అందుకున్నాడు. మంచి మనిషి, పన్నీరు పుక్కిట పట్టినాడు. నేను కండ్లు మూసుకుని, గడ్డం పైకెత్తి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడినాను. దవడ కింద నమిలిన తమలపాకు ఉందని ఆయన మరిచిపోయినాడు, చూసుకోవాలనే తెలివి నాకు లేదు. పైగా నేను నిలబడిన తీరు చూసి ఆయనకు నవ్వొచ్చింది. నవ్వు, పన్నీరు, ఆకు, వక్క అన్నీ కలిసి ఒక్కసారిగా నా ముఖం మీద పడినాయి. సరిగ్గా అప్పుడే మా అత్త నాడెలో వేసే నూలు కండెల బుట్ట పట్టుకుని లోపలికొచ్చింది.

"అయ్యో దేవుడా, నెత్తురు! ఎవురు కొట్టినారే?" అని బుట్ట వదిలేసింది. దగ్గరికొచ్చి మూతి ముడిచి వాసన చూసింది. నన్ను చూసింది, కొడుకును చూసింది. కింద పడిన కండెలు ఏరుకుని పోయింది. తెల్ల పడుగు మీద పడిన ఎర్ర చుక్కలు పోగొట్టడానికి నాకు అరపూట పట్టింది. ముఖానికి పట్టిన ఎరుపు అంతకంటే ఎక్కువసేపు ఉన్నింది.

మిగిలిన పన్నీరును బుద్ధిగా గుడ్డతో అద్దుకున్నాను. తడి ఉన్నంతసేపు హాయిగా ఉండేది, ఆరితే ముందుకంటే ఎక్కువ బిగదీసేది. పాప మాత్రం వచ్చి, నా మెడ కాడ వాసన చూసి, "బాగుండాది" అని చెప్పి జేజి కాడికే పోయేది.

అప్పుడు నా సొంత బుర్ర పని చేసింది. అది పని చేసినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి పాడయ్యేది గానీ, ఆ సంగతి నాకు ఆనాటికి తెలీదు. మా వీధిలో పొద్దున్నే పడుగు పరిచి, దానికి గంజి పెడతారు. పలుచటి జొన్నగంజిలో కాస్త నూనె కలిపి, కుంచెతో దువ్వుతారు. ముళ్ళకంప మాదిరి ఉన్న నూలు గంజి తాగి ఆరినాక నున్నగా, పట్టుమాదిరి అవుతాది. నేను రోజూ చూసేదే. అంత గరుకు నూలును నున్నగా చేసేది నా చెంపను చేయలేదా అనుకున్నాను. నేతోళ్ళ ఇంటి కోడలు గాకపోతే ఇంకెవరికి వస్తాది ఈ ఆలోచన!

ఒక పొద్దున అందరూ పడుగు కాడ ఉంటే, మిగిలిన గంజి పిడత ఒకటి పెరట్లోకి తెచ్చుకున్నాను. ముఖానికి, మెడకు దండిగా పట్టించినాను. కుంచెతో దువ్వుదామనుకున్నాను గానీ, కుంచె వీధిలో ఉండబట్టి బతికిపోయినాను. పడుగు ఎండలోనే ఆరుతాది గదా, నేను కూడా పోయి ఎండలో ఆరడానికి కూర్చున్నాను.

కాసేపటికి చల్లగా, బాగానే ఉన్నింది. ఇంకాసేపటికి ఎవరో ముఖాన్ని రెండు పక్కల నుంచి పట్టి లాగుతున్నట్టయింది. కనుబొమ్మలు ఎత్తబోతే ఎత్తలేకపోయినాను. ఈగలు మాత్రం ఊరంతా చెప్పుకుని వచ్చినాయి. లేచి కడుక్కుందామనుకునే లోపల పక్కింటామె గోడ మీద నుంచి తొంగి చూసింది.

"ఏం మ్మే, అట్ల కూర్చున్నావు? ఒళ్ళు బాగలేదా?"

"ఊఁ" అన్నాను. నోరు తెరిస్తే పగులుతాది గదా.

"ముఖమంతా తెల్లగా పాలిపోయింది. అమ్మవారు పోసిందా ఏంది?"

కాదని చెప్పడానికి తల అడ్డంగా ఊపినాను. ఊపేసరికి గడ్డం కాడి పెళ్ళ ఒకటి ఊడి ఒళ్ళో పడింది. ఆమె కెవ్వుమని అరిచి గోడ దిగిపోయింది. ఆ అరుపుకు పాప పరిగెత్తుకుంటా వచ్చింది. బిడ్డను చూసి నాకు నవ్వొచ్చింది. నవ్వితే ముఖమంతా బీటలు వారి, చెరువు అడుగున మన్ను లేచినట్టు పెంకులు పెంకులుగా లేచింది. బిడ్డ అది చూసి, "జేజీ!" అని ఒక్క అరుపు అరిచి, వెనక్కి చూడకుండా ఉరికింది.

పాప మూడు రోజులు నా చేతి అన్నం తినలేదు. ఆ మూడు రోజులూ నాకు నా మీద నవ్వు రాలేదు. అది కూడా చెప్పాల గదా.

మా ఆయనకు జాలి పుట్టినట్టుంది. చీరలు తీసుకుని కడపకు పోయినోడు, వస్తా వస్తా ఒక గాజు డబ్బా తెచ్చినాడు. దాన్ని స్నో అంటారంట. వెన్నకంటే తెల్లగా ఉంది. డాక్టర్ల భార్యలు, కలెక్టరు కచేరి గుమాస్తాల భార్యలు పూసుకుంటారని అంగడాయన చెప్పినాడంట. పూసుకుంటే చల్లగా లోపలికి ఇంకిపోయింది. ఎంత ఇంకితే అంత మంచిదనుకుని, ఇంకినకొద్దీ పూసినాను.

మా అత్త నన్ను చూసి, "జొన్నపిండి దంచినావా?" అని అడిగింది.

"లేదత్తా."

"మరి?"

మధ్యాన్నానికి చెంపలు బిగిసి, సాయంత్రానికి పొట్టు లేచింది. పాప దూరంగా నిలబడి ఒక వేలితో నా చెంప తాకి, వేలు చూసుకుని, గౌనుకు తుడుచుకుంది.

అంతటితో నా పౌరుషం చచ్చింది. మరునాడు మా అత్త పెరట్లో స్నానం చేసి వస్తాంటే ఎదురుపోయి నిలబడినాను. "అత్తా, నీ చెంప మెత్తగా ఎట్లుంటాది?" అని అడిగేసినాను. కండ్లలో నీళ్ళు తిరిగినాయి.

ఆమె తలగుడ్డ చుట్టుకుంటా నింపాదిగా అనింది: "బండి ఇరుసుకు పూసేదే నేనూ పూస్తాను."

"తప్పయిపోయిందత్తా. నేను కూడా నీ ఆముదం దొంగతనంగా పూసి చూసినాను. జిడ్డు తప్ప మెత్తదనం రాలేదు."

"ఎప్పుడు పూసినావు?"

"ముఖం బాగా తుడుచుకున్నాక."

"అదే నువ్వు చేసిన పని. తుడిస్తే ఇంకేముంటాది లోపల? నీళ్ళు ముఖం మీద ఉండంగానే రెండు బొట్లు అరచేతుల్లో రుద్ది అద్దుకోవాల. ఆ తడిని నూనె పట్టుకుంటాది. కొంచెమే. నువ్వు ఏది పూసినా గోడకు సున్నం కొట్టినట్టు కొడతావు." అట్లంటానే నా ముఖాన ఇన్ని నీళ్ళు చల్లి, తన చేతులతోనే అద్దింది. ఆ చేతులు కండెలు చుట్టి చుట్టి కాయలు కాచినవి, కానీ మెత్తగానే తగిలినాయి.

"ఇన్నాళ్ళూ చూస్తానే ఉంటివి గదత్తా, ఒక్క మాట చెప్పకూడదా?"

ఆమె చేతులు ఆగినాయి.  "చెప్తే ఆ పిల్ల నా పక్కలో ఎందుకు పండుకుంటాది?" అనింది. నవ్వుతానే అనింది గానీ అది నవ్వు మాట కాదు. మా మామ పోయి అప్పటికి నాలుగేండ్లు. పాప పోయి దూరేదాకా ఆమె పక్క ఖాళీగానే ఉన్నిందనేది నాకు అప్పటిదాకా తట్టనే లేదు. నా ముఖం ఒక్కటే నాకు కనపడింది.

పదిహేను రోజులు పట్టింది. రోజూ ఆమే అద్దేది, నేను కండ్లు మూసుకుని కూర్చునేదాన్ని. వాసనకు మూడో రోజే అలవాటు పడినాను. శివరాత్రి ఇంకా వారం ఉందనంగా, ఒక మధ్యాన్నం నేను ఒక చాప మీద, మా అత్త ఆ మూల ఇంకో చాప మీద ఒరిగినాము. పాప నిద్రమత్తులో వచ్చి, ఇద్దరినీ ఒకసారి చూసి, నా పక్కలో దూరింది. వేలితో చెంప తాకి చూసింది. గౌనుకు తుడుచుకోలేదు. చెంపకు చెంప పెట్టి నిద్రపోయింది.

మగ్గం కాడ నుంచి మా ఆయన, "ఏం మే, కండెలు యాడ? నాడె ఖాళీగా ఉండాది ఈడ!" అని కేక వేసినాడు. నా చెయ్యి తిమ్మిరెక్కింది, మెడ పట్టేసింది. కదల్లేదు. మా అత్త మమ్మల్ని చూసి, పెదవి మీద వేలు పెట్టుకుని, లేచి కండెలు చుట్టడానికి రాట్నం ముందు కూర్చుంది. నా పని ఆమె చేసింది. మరునాడు మధ్యాన్నం ఆమె చాపను లాగి నా చాప పక్కనే పరిచి, పాపను మా ఇద్దరి నడుమ వేసినాను.

ఇంత ఓపికగా విన్నారు, మీ ఇల్లు చల్లగుండాల. మీ కుండలో నీళ్ళు, మీ గూట్లో నూనె ఏ యెండాకాలంలోనూ తక్కువ కాకూడదు. మీ ఇంట్లో పిల్లలు ఎవరి పక్కలో దూరినా మెత్తగా నిద్రపోవాల, పెద్దోళ్ళ పక్క ఒక్క పూట కూడా ఖాళీగా ఉండకూడదు.