కంచికి వెళ్ళని కుక్కల కథ

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది.

మా ఆయన పోయాక సౌదీ వెళ్ళి దమ్మామ్‌లో ఒక ఇంజనీరుగారింట్లో వంటకు కుదిరాను. మా కోనసీమ వాళ్ళే. నా వీసా ఆయన పేరు మీదే. వాళ్ళుంటే నేనుంటాను, వాళ్ళు కదిలితే నేనూ కదలాలి. అప్పటికి ఇంటి దగ్గర అమ్మాయి నర్సింగు చదువు సగంలో ఉంది. నా ప్రాణమంతా అక్కడ ఉండనిచ్చే ఆ ఇకామా కార్డులోనే ఉండేది.

మధ్యాహ్నాలు అమ్మగారు లావుపాటి ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని వంటింట్లో కూర్చునేవారు. అమెరికావాళ్ళు ఎప్పుడో రాసుకున్న చిన్న కథలట. నేను చింతపండు గింజలు తీస్తుంటే తెలుగులో చెప్పేవారు. వాటిలో రాజులుండరు, దేవతలుండరు. మనలాంటి వాళ్ళే, గొడ్డూ గోదా, వానకోసం ఎదురుచూపులు. ఏమీ జరగనట్టే ఉండి చివరికి ఒళ్ళు జలదరిస్తుంది.

ఒక కథ మాత్రం నన్ను వదల్లేదు. వానల్లేని ఊరు. ఒక్కో కుటుంబం బండి కట్టుకుని వెళ్ళిపోతోంది. వెళ్ళేవాళ్ళంతా తమ కుక్కను ఒక రైతు ఇంట్లో వదిలి, మళ్ళీ వస్తామంటారు. రైతు భార్య అన్నిటికీ తిండి పెడుతుంది. ఒకరోజు ఆ కుక్కలన్నీ రోడ్డు వైపు కాకుండా ఇంటివైపు తిరిగి కూర్చుంటాయి. ఆమెకు అనుమానమొచ్చి కొట్టంలోకి వెళ్ళి చూస్తే, తమ బండి చక్రానికే కొత్తగా కందెన రాసి ఉంటుంది.

"తర్వాతండీ?"

"తర్వాత లేదు. అయిపోయింది."

"అదేం కథండీ బాబూ! వెళ్ళిపోతున్నామని మొగుడు చెప్పాడా లేదా? మా అమ్మమ్మయితే కథని కంచికి పంపించి గానీ లేచేది కాదు."

అమ్మగారు నవ్వారు. "కంచికి పంపలేదు కాబట్టే ఇన్నేళ్ళు బతికున్నాయే. చూడు, రేపు మళ్ళీ నువ్వే అడుగుతావు."

అడిగాను. ఎన్నిసార్లు చెప్పించుకున్నా అక్కడే ఆగింది.

ఆ రోజుల్లోనే పెళ్ళాం పిల్లల మీద తలకింత అని లెవీ పన్ను వచ్చింది. ఇంకోపక్క నితాకత్ అని ఒక చట్టం. పనిలో సౌదీవాళ్ళు సరిపడా ఉన్న కంపెనీకి పచ్చ రంగు, తక్కువుంటే ఎరుపు, ఎరుపు పడితే ఇకామాలు రెన్యువల్ కావు. మా భవనంలో తెలుగువాళ్ళు ఒక్కొక్కరే ఇక తిరిగిరాని ఎగ్జిట్ మీద వెళ్ళిపోయారు. సోఫాలు, ఫ్రిజ్జులు అమ్ముకునేవారు గానీ కరివేపాకు మొక్కను ఎవరూ అమ్మరు, పారేయరు. ఉండేవాళ్ళకి అప్పగించి వెళ్తారు. ఆ ఎండలో దాన్ని బతికించడమంటే చంటిపిల్లను సాకడమే.

మా బాల్కనీ నిండిపోయింది. పై అంతస్తు ఆవిడ తన కుండీ దింపుతూ, "మీరిక్కడే వేళ్ళు తన్నారుగా వదినా, దీన్నీ తన్ననివ్వండి," అంది.

"అద్దె పంపిస్తూ ఉండు మరి," అన్నారు అమ్మగారు.

ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నీళ్ళు పోయడానికి వెళ్ళినప్పుడల్లా ఆ మొక్కలన్నీ ఇంట్లోకే చూస్తున్నట్టుండేది.

అయ్యగారు మాటలు తగ్గించేశారు. అమ్మగారు కంపెనీ సంగతి అడిగితే, "పచ్చలోనే ఉన్నాం, నీకెందుకు?" అని అన్నం కెలికి లేచిపోయేవారు.

ఒక మధ్యాహ్నం ఇస్త్రీ బట్టలు సర్దుతూ ఆయన బీరువా తెరిచాను. చొక్కాల వెనక, సూట్‌కేసులు తూచే కొక్కెం కాటా ఉంది. సెలవులకి ఊరెళ్ళేముందు తప్ప అది అటక దిగదు. దుమ్ము తుడిచి ఉంది. మీట నొక్కితే అంకెలు వెలిగాయి. కొత్త బ్యాటరీ వేశారు. సెలవులింకా ఎక్కడున్నాయి!

కాటాను ఉన్నచోటే పెట్టి తలుపు వేశాను. వంటింట్లోకి వచ్చేసరికి అమ్మగారు పుస్తకం తెరుచుకుని ఉన్నారు.

"ఏ కథ చెప్పమంటావే ఇవాళ?"

కట్టుకున్నవాడు దాచిన మాట పనిమనిషి నోట ఎలా వస్తుంది? చెప్పకుండా ఎలా ఉండను?

"కథ వద్దండి, అమ్మగారూ. బండి చక్రానికి కందెన రాసుందండి."

ఆవిడ నా మొహంలోకి చూశారు. "ఎక్కడ?"

"అయ్యగారి బీరువాలోనండి."

లేచి వెళ్ళారు. బీరువా తలుపు తీసిన చప్పుడు వినిపించింది. వేసిన చప్పుడు చాలాసేపటిదాకా రాలేదు.

తిరిగొచ్చి బాల్కనీలో కుండీల మధ్య నిలబడ్డారు. "వీటిని ఎవరికిద్దామే?" అన్నారు.

మెట్ల వైపు తలుపు తీసి చూశాను. ఎదురుగా, కిందా, పైనా, మనవాళ్ళ తలుపు ఒక్కటీ మిగల్లేదు.