పావు మెకానిక్

నట్టు బిగిశాక అతను ఒక్కసారి ఊపిరి బిగబట్టేవాడు. స్పానర్‌ను అరచేత్తో తడిమి, ఇంకో పావు చుట్టు తిప్పేవాడు. అప్పుడే ఊపిరి వదిలేవాడు. చేతికింద ఏ బండి ఉన్నా ఆ పావు చుట్టు పడాల్సిందే. వీధివీధంతా అతన్ని పావు మెకానిక్ అనేది. అతను దాన్ని బిరుదుగా తీసుకున్నాడు.

ఇంట్లోనూ అంతే. అతను మూసిన పంచదార డబ్బా ఇంకెవరికీ తెరుచుకునేది కాదు. స్నానాలగదిలో కుళాయి అతను కట్టేసి వెళ్తే, మిగతావాళ్ల స్నానాలు అతను తిరిగొచ్చాకే.

"మమ్మల్ని పెళ్లాంపిల్లలనుకుంటున్నావా, బోల్టులనుకుంటున్నావా?" అనేది భార్య. అతనికది మెచ్చుకోలులా వినిపించేది.

"నా చేత్తో బిగించింది కారదు." ఇది అతని ఆస్తి. షెడ్డు అద్దెది. పనిముట్లలో సగం ఎవరివో. ఈ మాట ఒక్కటే సొంతం.

ఆ మాటకే ఎసరు పెట్టింది బావ కారు. బావంటే అక్క మొగుడు. ఉద్యోగం అయిపోయి ఇంటిపట్టునే ఉంటున్నాడు. పొద్దున్నే తనతో నడకకొచ్చే లెక్కల మాస్టారి దగ్గర ఆ కారు కొన్నాడు. గేర్లు వాటంతటవే పడే రకం.

"ఒరేయ్, నా కారుకి ముక్కులోంచి రక్తం కారుతోందిరా," అన్నాడు బావ ఫోన్లో.

వరండాలో కొత్తగా పరిచిన తెల్లటి బండల మీద ఎర్రటి చుక్కలు. అది గేరుబాక్సు నూనె. చల్లబడటానికి సన్నటి గొట్టంలో ముందున్న రేడియేటర్‌ దాకా వెళ్లి వస్తుంది. ఆ గొట్టం రేడియేటర్‌ను కలిసే చోట నట్టు తడిగా ఉంది. అతను బిగించాడు. ఊపిరి బిగబట్టి, ఇంకో పావు. తుడిచాడు.

"ఇంక కారదు బావా."

కారింది. వాషర్ మార్చి మళ్లీ బిగించాడు. ఇంకాస్త కారింది. బిగించేకొద్దీ ఎక్కువవుతోంది. ఇంకొకడైతే అక్కడ ఆగి ఆలోచించేవాడు. అతనూ ఆలోచించాడు. తన బలం చాలడం లేదనుకుని పొడుగాటి స్పానర్ తెచ్చాడు.

అక్క కారు కింద పాత దుప్పటి పరిచింది. తర్వాత ట్రే పెట్టింది.

"మీ తమ్ముడికి చూపించలేదా?" అంది పక్కింటావిడ.

"చూపించాకే ట్రే పెట్టాల్సొచ్చింది."

చివరికి బావ ఓపిక నశించింది. "నీ వల్ల కాకపోతే కాదని చెప్పరా. మెయిన్‌రోడ్డు షెడ్డుకి తీసుకెళ్తా."

సొంత బావ కారే అటు వెళ్తే ఇక ఇటెవరొస్తారు? అతని నోరు తనంతట తానే తెరుచుకుంది.

"నా బిగింపులో లోపం లేదు బావా. బండే అలాంటిది. మాస్టారు తెలిసే నీకు అంటగట్టాడు."

మర్నాటి నుంచి బావ మాస్టారితో నడవడం మానేశాడు. పార్కులో ఆయన కుడివైపు నుంచి బయల్దేరితే ఈయన ఎడమవైపు నుంచి. దారి గుండ్రటిది. విడిపోయాక ఇద్దరూ మునుపటికంటే ఎక్కువసార్లు ఎదురుపడుతున్నారు. ఎదురుపడ్డప్పుడల్లా ఇద్దరికీ చెట్ల మీద ఎక్కడలేని శ్రద్ధ కలుగుతోంది.

బండి లోపం బావకి కళ్లారా చూపిద్దామని అతను కారుని షెడ్డుకి తెచ్చి గొట్టాన్ని పూర్తిగా ఊడదీశాడు. నట్టులో ఆనడానికి దాని మూతి గరాటాలా విప్పారి ఉంటుంది. ఆ మూతి మీద వెంట్రుకవాసి పగులు. చుట్టూ లోహం నొక్కుకుపోయి మెరుస్తోంది. కొత్త నొక్కు. మొదట కారింది నట్టు వదులై. కాస్త బిగిస్తే సరిపోయేది. ఆ తర్వాత కారిందంతా అతని చలవే.

కొత్త గొట్టం వేశాడు. ఊపిరి బిగబట్టకుండానే స్పానర్ దించేశాడు. సాయంత్రందాకా బండి నడిపి చూశాడు. చుక్క లేదు.

బండి అప్పగిస్తూ అతను పగిలిన గొట్టం బావ చేతిలో పెట్టాడు.

"మాస్టారి తప్పేం లేదు బావా. నేనే అతిగా బిగించి పగలగొట్టాను."

బావ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వాడు. "నువ్వు మరీ మెత్తనోడివిరా. ఆ ముసలాణ్ణి ఎందుకు వెనకేసుకొస్తావు?"

"నిజం చెప్తున్నా బావా."

"చిన్నప్పట్నుంచీ ఇంతేనండీ వీడు," అంది అక్క. "ఎవరి తప్పయినా తన నెత్తిన వేసుకునేవాడు."

అలా వేసుకున్న సందర్భం అతనికి ఒక్కటీ గుర్తు రాలేదు.

వీధి మలుపు తిరిగేలోపే, గోడవతల్నుంచి అంతా విన్న పక్కింటావిడ పలకరించింది. చేతిలో పనే కాదు, మనసూ గొప్పదేనంది. నిజం చెప్పి పేరు పోగొట్టుకుందామని వెళ్లినవాడు, రెట్టింపు పేరుతో ఇల్లు చేరాడు. ఊరుకుంటే ఆ పేరు జీవితాంతం వస్తుంది.

మర్నాడు పొద్దున్నే బావ ఇంటికెళ్లి, ఇంకోసారి నడిపి చూస్తానని కారు తీసుకున్నాడు. తిన్నగా మాస్టారి గేటు ముందు ఆపాడు. ఆయన పేపరు పట్టుకుని అరుగు మీద ఉన్నారు. గొట్టం చూపించి జరిగిందంతా చెప్పాడు.

"మీ బావకి చెప్పావా?"

"చెప్పాను మాస్టారూ. నమ్మలేదు."

"నేను నమ్ముతాను," అన్నారు మాస్టారు, క్షణం ఆలోచించకుండా.

ఆ తొందర అతనికి ఎక్కడో గుచ్చుకుంది. అయినా ముందు సీటు తలుపు తెరిచి, మాస్టారిని కూర్చోబెట్టుకుని, బావ ఇంటికి పోనిచ్చాడు.