ఉప్పాడ విగ్రహం దగ్గర మొదటి బొట్టు

2003 మార్చి 9, ఆదివారం. తెల్లవారేసరికి ముగ్గు వేయడం, పాలు తోడుపెట్టడం, బట్టలు ఆరేయడం, పులిహోర కలిపి డబ్బాకెత్తడం అయ్యాయి. ఎనిమిదిన్నరకు నేనూ మా సత్యవతి వదినా తునిలో పాసింజరు రైలెక్కాం. అన్నయ్య పోయి నాలుగేళ్ళయింది. వచ్చే నెలలో వాళ్ళ అమ్మాయి వనజ పెళ్ళి. తనను పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు అమ్మే బొట్టు పెట్టాలని వనజ పట్టుబట్టింది. వదినేమో ఆ రోజు వంటింట్లోంచి బయటికే రానంటుంది. ఆవిడ మనసు మారుతుందేమోనని, పెళ్ళిచీరలు చూద్దామని చెప్పి బయల్దేరదీశాను.

పిఠాపురంలో దిగి ఉప్పాడకు షేర్ ఆటో ఎక్కాం. మనిషికి ఎనిమిది రూపాయలు. చీరలు చూడటం అయ్యాక, ఆడవాళ్ళ విగ్రహం దగ్గరికి వెళ్ళాలని మరో ఆటో ఆపాను.

"అక్కడికాండీ? మా ఆవిడ అక్కడికెళ్ళొచ్చిన రోజు ఇంట్లో వంట నాదేనండి," అన్నాడు డ్రైవరు.

పొదుపు సంఘాల ఆడవాళ్ళు డబ్బులు వేసుకుని కట్టించిన సిమెంటు విగ్రహం అది. ఒక చేతిలో నేత నాడె, మరో చేతిలో పుస్తకం. కింద 'ఆడా మగా సమానం' అని చెక్కారు. ఆదివారం మధ్యాహ్నం అక్కడ పేరంటం జరుగుతుంది. వచ్చినవాళ్ళలో పెద్దావిడ అందరికీ బొట్టు పెట్టాలి.

"పెద్దావిడ ఎవరండి?" అని నేతపనిచేసే నూకాలమ్మ అడిగింది. అందరూ పక్కవాళ్ళ వైపు చూశారు. తల ముగ్గుబుట్టైన ఒకావిడ, "నాకింకా నలభై నిండలేదు" అంది. అందరం పగలబడి నవ్వాం. నేను వదిన వైపు చెయ్యి చూపించాను.

వదిన నా వెనక్కి జరిగింది. "నేను పెట్టకూడదండి. మా ఆయన లేరు."

"ఇక్కడ అడిగేది మీ వయసండి, మీ ఆయన సంగతి కాదు. ఎన్నేళ్ళండి మీకు?"

"యాభై ఎనిమిది."

"హమ్మయ్య, ఇంతసేపటికి ఒక్కరు నిజం చెప్పారు!" అంటూ కుంకుమ భరిణె వదిన చేతిలో పెట్టేసింది.

వదిన వేలికి కుంకుమ అద్దుకుంది. మొదటి బొట్టు నూకాలమ్మ కనుబొమ్మ మీద పడింది. "ఇదేంటండీ, కంట్లో పెడతారా?" అని నూకాలమ్మ నవ్వితే వదిన కూడా నవ్వేసింది. వరస సగమయ్యేసరికి, "కదలకమ్మా, వంకరపోద్ది," అని తనే కసురుతోంది.

తిరుగు రైల్లో పులిహోర తింటూ వదిన అడిగింది: "కుమారీ, వనజకి బొట్టు ఎవరు పెడతారని పంతులుగారికి చెప్పావు?"

"నేనేనని చెప్పాను వదినా."

"ఆయనకి మళ్ళీ చెప్పు. నేనే పెడతాను."

ఇన్నేళ్ళుగా ఎన్నో పేరంటాలకు వెళ్ళాను. ఎవరెవరు వచ్చారో చూశానే తప్ప, ఎవరిని పిలవలేదో ఎప్పుడూ చూడలేదు. వెళ్ళాలనుకునేవారు ఆదివారం మూడింటికల్లా అక్కడ ఉండండి. పూలూ కుంకుమా వాళ్ళే ఇస్తారు. మీరు మాత్రం, మీ వీధిలో పేరంటానికి ఎవరూ పిలవని ఆవిడను వెంటబెట్టుకుని వెళ్ళండి.