సమ్సోను మోకాలు

గుప్పెడంత కుక్కకి సమ్సోను అని పేరు పెట్టినప్పుడే దేవమ్మక్కతో అన్నాను, బైబిల్లో అంతటి బలశాలి పేరు దీనికెందుకు, ఎలకని చూస్తే నీ కొంగు చాటుకి వస్తుందని. ఆవిడ నవ్వి, "పేరులోనన్నా ఉండనివ్వండి పంతులమ్మగారూ, బలం" అంది.

మాది దివిసీమలో నాగాయలంక వెళ్లే దారిలో ఊరు. నేను మిషను బడిలో పంతులమ్మని. దేవమ్మ మా సంఘానికి బైబిలమ్మ. ఇంటింటికీ వెళ్లి వాక్యం చదివి, జబ్బు మనిషి మంచం పక్కన మోకాళ్లూని ప్రార్థన చెయ్యడం ఆవిడ పని. మొగుడు బాలస్వామి పెళ్లయిన కొత్తలోనే పోయాడు. పిల్లల్లేరు. మట్టి అరుగులని లేదు, గొడ్ల పాకలని లేదు, ఎక్కడ పడితే అక్కడ మోకాళ్లూని అవి రెండూ నల్లగా కాయలు కాశాయి. నీ ఆస్తంతా ఆ కాయలే అని నేను ఎగతాళి చేసేదాన్ని.

అరవై ఒకటిలో, వేసంగిలో సమ్సోను వెనక కాలు చెడింది. మోకాలిచిప్ప పక్కకి జారేది. నడుస్తూ నడుస్తూ కుయ్యిమని, కాలు పైకెత్తి కూలబడిపోయేది. దేవమ్మ ఒళ్లో పెట్టుకుని నిమిరితే కాసేపటికి చిప్ప లోపలికి వెళ్లేది.

ఒకరోజు యేసుదాసు ఇంటి గుమ్మం ముందు జారింది. మర్నాటికి అతని తల్లి పోయింది. ముసలావిడ కదా అని ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత వెంకటస్వామి గుమ్మం ముందు జారింది. అతను ఉక్కుముక్క లాంటి మనిషి. ఆ సాయంత్రమే కాలవలో గేదెల్ని కడుగుతూ కూలిపోయాడు. ఆ తర్వాత ఇంకో ఇంటి ముందు కుక్క కుయ్యిమనగానే, మనిషి పోకముందే ఆ ఇంట్లో ఏడుపు మొదలైంది. ఆ ఏడుపూ వృథా పోలేదు.

నాకు శకునాలంటే ఒళ్లుమంట. కాలు నెప్పి కుక్కకి ఎక్కడో అక్కడ జారక తప్పదు, ఊళ్లో ఎవరో ఒకరు పోక తప్పదు, రెంటికీ ముడిపెట్టడం తెలివితక్కువతనం అని బళ్లో కూడా అరిచాను. అరవడం అరిచాను గానీ, ఆ కుక్క మా వీధిలోకి వస్తుంటే తలుపు దగ్గరికి వేసుకునేదాన్ని.

దేవమ్మ దాన్ని సంచిలో పెట్టుకుని బస్సెక్కి బందరు తీసుకెళ్లింది. తోడు నేనూ వెళ్లాను. పశువుల డాక్టరు శోభనాద్రిగారు కాలు పట్టుకు చూసి చెప్పారు.

"చిప్ప గాడి తప్పిందమ్మా. కోసి సరిచేసి కుట్టొచ్చు. చెయ్యకపోతే కీలు అరిగిపోయి జీవితాంతం కాలీడుస్తుంది. చేద్దామంటే, ఇంత చిన్న ప్రాణి, మత్తులోంచి లేవకపోనూ వచ్చు. ఆలోచించుకుని రండి."

ఆ ఆలోచన దేవమ్మ ఒక్కతే చేస్తే బాగుండేది. ఊరంతా చేసింది. కొందరు కోయించెయ్యి, పీడా పోతుందన్నారు. మోతుబరి రైతు కోటేశ్వరరావు మాత్రం పనిగట్టుకుని వచ్చాడు.

"దాని కాలు బాగుచేయించకు దేవమ్మా. మా నాన్న మంచంలో ఉన్నాడు. టైము దగ్గరపడితే ముందే తెలియాలిగా, చుట్టాలకి కబురు పెట్టుకోవద్దూ? రోజూ ఓసారి మా గుమ్మం ముందు తిప్పు."

"అది కుక్కండీ, పంచాంగం కాదు" అన్నాను. ఆయన నా వంక చూడనైనా చూడలేదు.

ఆయన వెళ్లాక దేవమ్మ కుక్క కాలు నిమురుతూ కూర్చుంది. "నెప్పి దీనిదే పంతులమ్మగారూ. కబురు మాత్రం దీనిది కాదు. ఈ కాలు కుట్టేస్తే ఆ కబురు ఆగుతుందంటారా? ఇంకో కాలు చూసుకుంటుందా?"

నా ఒళ్లు జలదరించింది. జలదరించినందుకు కోపమొచ్చి, బైబిలమ్మవయ్యుండి ఏం మాటలవి అని కసిరాను. అప్పుడే సమ్సోను నిద్రలో కాలు కదిపి కీచుమంది. దేవమ్మ కళ్లు తుడుచుకుంది. "దీని ఏడుపు వింటూ ఒకళ్లకి వాక్యం చదవలేకపోతున్నాను. పోతే పోయింది. కోయిస్తాను."

మా వాళ్లకి ప్రార్థనలో ఓ అలవాటుంది. వట్టి చేతుల్తో అడగరు. బిడ్డ జ్వరం తగ్గితే కోడిపుంజు, పంట చేతికొస్తే బస్తా ధాన్యం, ఏదో ఒక మొక్కుబడి చెప్పుకుంటే గాని ఆమెన్ అనరు. కుక్కని లోపలికి తీసుకెళ్లగానే బందరు ఆసుపత్రి వరండాలో దేవమ్మ మోకాళ్లూనింది. పక్కన నేనూ ఊనాను. మొక్కుకోవడానికి పాపం ఆవిడ దగ్గర ఏముంది?

"ప్రభువా, ఈ మూగజీవి మోకాలు నిలబెట్టు. బదులు కావాలంటే నా మోకాలు తీసుకో."

గభాల్న కళ్లు తెరిచాను. ఆవిడ ఆమెన్ అనేసింది. అలవాటు కొద్దీ నేనూ అన్నాను.

సమ్సోను మత్తులోంచి లేచింది. కుట్లు మానాక లేగదూడలా గంతులేసింది. వానలు పడ్డాయి, నాట్లు అయ్యాయి. ఊరు ఆ సంగతి మర్చిపోయింది. ఓ పొద్దున ఎల్లయ్య ఇంటి ముందు దేవమ్మ అబ్బా అని కుడి మోకాలు పట్టుకుని కూలబడింది. చిప్ప పక్కకి జరిగి ఉంది. నా కళ్లతో చూశాను. సమ్సోను దూరంగా నిలబడి ఆవిడనే చూస్తోంది. ఎల్లయ్య మర్నాడు పోయాడు.

అంతే, దేవమ్మ గడప దాటడం మానేసింది. ఊళ్లో ఏ గుమ్మమూ తన మూలంగా ఏడవకూడదంది. ఇంటింటికీ తిరగడమే బతుకైన మనిషి నులకమంచం మీద కూర్చుని గోడకి వాక్యం చదువుకునేది. నేను వెళ్లి తిట్టేదాన్ని, బతిమాలేదాన్ని. ఆ మనిషిని అలా చూడలేకపోయేదాన్ని.

కోటేశ్వరరావు మళ్లీ వచ్చాడు. ఈసారి గొంతు తగ్గింది. "నాన్న నిన్ను పిలుస్తున్నాడు దేవమ్మా. భయంతో నిద్ర పట్టడం లేదంట. ఉన్నదేదో తెలిస్తే చాలంటున్నాడు."

"ఇప్పుడు ఈవిణ్ణి తిప్పుతారా గుమ్మం ముందు?" అని నేను లేచాను. దేవమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. భయపడుతున్న మనిషి పిలిస్తే వెళ్లకుండా ఉండటం ఆవిడకి చేతకాదు.

వాళ్లింటి ముందు అందరూ ఆవిడ మోకాలికేసే చూస్తూ నిలబడ్డారు. దేవమ్మ మెట్లెక్కింది. కాలు జారలేదు. లోపల ముసలాయన ఆవిడని చూసి భోరుమన్నాడు, తర్వాత గంజి అడిగాడు.

తిరిగి వస్తుంటే దేవమ్మ నడకలో పడుచుదనం వచ్చింది. ఒక్కో గుమ్మం దాటుతూ నన్ను చూసి నవ్వుతోంది. యేసుదాసు ఇల్లు దాటాం. మా ఇల్లు దాటాం. అక్కడ నేను ఊపిరి పీల్చలేదు. ముందు సమ్సోను తోక ఊపుకుంటూ నడుస్తోంది. తన గడప మీద కాలు పెడుతూ దేవమ్మ ఆగిపోయింది. ద్వారబంధం పట్టుకుంది. మోకాలు పట్టుకుంది.

గబగబా వెళ్లి ఆవిడ భుజం పట్టుకున్నాను.

"హమ్మయ్య" అంది దేవమ్మ. "మా ఇల్లే."

సమ్సోను ఇప్పుడు నా దగ్గర ఉంటుంది. నాలుగు కాళ్లూ బాగున్నాయి. ఈమధ్య ఒక కంటికి పొర కమ్ముతోంది. దాన్ని గురించి ప్రార్థన మాత్రం చెయ్యను.